ముప్పై ఏడు దగ్గర

మంగళవారం పడవకి
మెర్రన్ డ్రీవర్ రేవు దాకా ఎదురొచ్చింది,
ఎగిరిపోయే తలగుడ్డని ఒక చేత్తో అదిమిపట్టుకుని.
"నా వంశవృక్షం ఊపిరాడక కొట్టుకుంటోంది, రా" అంది
వైద్యుణ్ణి పిలిచినట్టు,
పడవ ఇంజన్లు తప్ప మరేమీ ఎరగని నన్ను.

వంటింటి బల్ల మీద కంప్యూటరు.
దాని పక్కన ఓట్ రొట్టెల డబ్బా.
డబ్బా కింద పదకొండేళ్ల పని:
చర్చి రిజిస్టర్ల నకళ్లు,
సమాధిరాళ్ల నాచు గీకి, కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది తీసిన పేర్లు,
హెర్రింగ్ పీపాల లెక్కల్లో వేలిముద్రలుగా మిగిలినవాళ్లు.
నాలుగువేల ఆరువందల పన్నెండు మంది.
ఓర్క్నీలో మా దీవి చిన్నది,
మా బడిలో ఇప్పుడున్నది తొమ్మిదిమంది పిల్లలు.

శనివారానికల్లా హాలు గోడ నిండా అతికించాలట.
రిపోర్టు మీట నొక్కింది.
నీలిగీత కదిలింది. రెండు. ఐదు.
టీ పెట్టింది.
పదకొండు.
తాగాం. కప్పులు కడిగింది. తుడిచింది. బోర్లించింది.
ముప్పై ఏడు.
ఇంక కదల్లేదు.

"రోజూ ఇక్కడే" అంది.
"మా ఆయనా అంతే, చివరి రోజుల్లో
మెట్ల మధ్యలో నిలబడిపోయేవాడు,
ఎక్కుతున్నాడో దిగుతున్నాడో మరిచిపోయి."

ఊరికే కూర్చోలేక నా లెక్క తేల్చింది:
"సిగర్డ్, నువ్వు నాకు మూడు దారుల్లో చుట్టానివి.
మీ నాన్న వైపు వేలు విడిచిన మేనమామ కొడుకువి.
మీ అమ్మ వైపు మనవడి వరస.
మూడోది చర్చి పుస్తకంలో రాయని దారి."
ఒక్క గుక్కలో చెప్పింది.
నీలిగీత ఇంకా ముప్పై ఏడులోనే ఉంది.

ఇంజను మొరాయిస్తే నేను చెవి ఆనించి వింటాను.
దీనికీ ఆనించాను.
లోపల ఫ్యాను ఒకటే రొద, 
గంతలు కట్టిన గానుగెద్దు అడుగుల్లా.
"ఇది ఆగిపోలేదు, మెర్రన్. నెమ్మదీ కాదు.
తిరిగిన చోటే తిరుగుతోంది."

బుధవారం గాలివాన, పడవ లేదు.
కొమ్మ కొమ్మా విడిగా నడిపించి చూశాను.
ఫ్లెట్‌లు అర నిమిషంలో వచ్చారు.
రెండల్‌లు ఇంకా ముందే.
డ్రీవర్‌ల దగ్గర మళ్లీ గానుగ.

అర్ధరాత్రికి దొరికింది: బార్బరా.
మొదటి మనవరాలికి అమ్మమ్మ పేరు పెట్టడం ఇక్కడి వాడుక.
పద్ధెనిమిది వందల పంతొమ్మిదిలో ఒక బార్బరా,
డెబ్బై నాలుగులో ఇంకో బార్బరా.
ఎవరో ఇద్దర్నీ ఒకరిగా కలిపేశారు.
బార్బరా కన్నది మార్గరెట్‌ని,
మార్గరెట్ కన్నది బార్బరాని,
ఆ బార్బరా కన్నది మార్గరెట్‌ని.
తాతకు దగ్గులు నేర్పడం విన్నాను గానీ
అమ్మమ్మని ఉయ్యాల్లో వేసి జోకొట్టడం ఇదే చూడ్డం.
నవ్వబోయాను.

పక్కనే చిన్న అక్షరాల్లో ఉంది:
చివరి మార్పు, డిసెంబరు మూడు, రాత్రి రెండూ నలభై.

ఆ తేదీ నాకూ తెలుసు.
ఆ పగలు ఆయన పేటికని గోతిలోకి దించిన ఎనిమిది తాళ్లలో
మూడోది నా చేతిలో ఉంది.

"నిద్ర పట్టలేదు" అంది మెర్రన్, తెర వైపే చూస్తూ.
"పేర్లు రెండేసి కనిపించాయి. ఒకటి చాల్లే అనుకుని
కలుపుతూ కూర్చున్నా."
తర్వాత మౌస్ నా చేతి కిందనుంచి లాక్కుంది.
"నేనే విడదీస్తాను."

ఒక్క నొక్కు.
అమ్మమ్మ అమ్మమ్మ అయింది, పిల్ల పిల్ల అయింది.
మళ్లీ రిపోర్టు మీట.
పది, ముప్పై, ముప్పై ఏడు మీదుగా
తలుపు తీసిన గొర్రెల మందలా పరుగు.
నలభై సెకన్లు. మూడువందల పన్నెండు పేజీలు.

ఆమె కెటిల్ పట్టుకుని అలాగే నిలబడింది,
ఇంకా నీళ్లైనా నింపలేదు.
"అప్పుడేనా?" అంది,
ఏదో పోగొట్టుకున్నట్టు.

అప్పుడు ప్రింటరు దగ్గింది.
పేజీకి ఒకటిన్నర నిమిషం.
మెర్రన్ కొళాయి తిప్పింది.