మూడో గుట్ట

సిత్రాల సముద్రం వెనక్కి పోయే యాళ్లకు
పొద్దుగాల నాలుగున్నరకే బురదల దిగుతం.
ముందల ఖౌలా మేడం,
ఆమె అడుగుల గుంతలల్ల నా అడుగులు.
నా సంకల ఒక డబ్బా,
మా ఊరి మంగలి పొది కంటే చిన్నది.
ల్యాబంత దాంట్లనే ఉన్నది.

ఇదివరకు నీళ్లను సీసాలల్ల పట్టి
ఐసుపెట్టెల పండబెట్టి ఏడికో పంపుతుంటిమి.
నెలకు కాయితం వస్తుండె.
అది వచ్చేసరికి ఇక్కడ
సముద్రం ఎన్నిసార్లు వచ్చిపోయిందో!

ఇప్పుడట్ల గాదు.
వేలెడు పట్టీ, దాని కొసకు నల్లచుక్క.
గిన్నెల నీళ్లు, రెండు బొట్ల మందు,
సిర్కా వాసన.
మీట నొక్కినంక నూట ఇరవై సెకన్లు.

ఆ రెండు నిమిషాలు మేడం ఊపిరి బిగబడ్తది.
మొదట్ల నాకు నవ్వొచ్చేది.
ఒకనాడు చెప్పింది:
వాళ్ల ముత్తాత ముత్యాలకు మునిగెటోడట.
కాలికి రాయి, ముక్కుకు చిప్ప,
పడవల తాడు పట్టుకున్నోడు లెక్కవెట్టేటోడట.
"ఒకసారి లెక్క తప్పింది" అన్నది.
అంతకుమించి చెప్పలే.

నీళ్లల్ల కలిసిపోయిన లోహాలు
ఆ నల్లచుక్క మీదికొచ్చి కూసుంటయి,
కంపెనీ బస్సెక్కిన జనం లెక్క,
ఎవడు ఎవడో తెల్వకుండ.
అప్పుడు డబ్బా మెల్లగ గుంజుడు పెంచుతది.
ఎవడి గుంజుకు వాడు దిగుతడు.
ముందుగాల జింకు, ఎనుక కాడ్మియం,
మూడోది సీసం, ఆఖరుకు రాగి.
దిగినప్పుడల్ల తెర మీద ఒక గుట్ట లేస్తది.
గుట్ట ఉన్న జాగ పేరు చెప్తది,
ఎత్తు ఎంతున్నదో చెప్తది.

పన్నెండేండ్లు నన్ను నెంబరుతోని పిలిచిన దేశంల
పేరు పెట్టి పిలిచేటిది
ఈ డబ్బా ఒక్కటే చూసిన.

నా కింది మంచం ముత్తెన్నది.
పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డుల పని.
ఈ నడుమ చెయ్యి మణికట్టు కాడ వాలిపోతున్నది,
చాయ కప్పు నిలుస్తలేదు.
కడుపుల మెలిపెడ్తదంటడు.
ఖుబ్బూసు పడ్తలేదు అంటడు.

పట్టీలకు లెక్కుంటది,
ఒక్కోదానికి సంతకం.
గురువారం రాత్రి ఒకటి నా జేబులకు జారింది.
జారింది అంటున్న గని, నేనే జార్చిన.

ముత్తెన్న డాంగ్రీ నానిన బకెట్టుల
గ్లాసు ముంచి, నురుగు ఊదిన.
మంచం మీద డబ్బా, సుట్టూ ఆరుగురం.
ఎవరూ చెప్పకున్నా అందరం ఊపిరి బిగబట్టినం.
ఏసీ ఒక్కటే దగ్గుతుండె.

మొదటి గుట్ట లేవలే.
రెండోది చీమల పుట్టంత.
మూడోది లేచింది,
లేచి లేచి తెర పైఅంచుకు తగిలి
అవుతలికి పోయింది.

"ఏమున్నదిరా?"
"సీసం."
"సీసా అయితే మూత తియ్యి" అని ముత్తెన్న నవ్విండు.
ఆయన ఒక్కడే నవ్విండు.

డాంగ్రీ పిండి తీగ మీద ఆరేసిన.
బకెట్టు పట్టుకొని నిలవడ్డ.
మోరీల పోస్తే మోరీ సముద్రానికే పోతది.
ఆదివారం పొద్దుగాల
నేను గిన్నె ముంచేది గా సముద్రంలనే.
నీళ్లు బకెట్టులనే ఉన్నయి రెండు రోజులు,
మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి.

ఆదివారం రిజిస్టరుల పట్టీ ఒకటి తక్కువ.
నీళ్లు పట్టిన జాగ అనే గడిల
ముత్తెన్న అని రాసిన, తెలుగుల.
మేడం ఆ అక్షరాల మీద వేలు పెట్టి
"ఇది ఏ రేవు?" అన్నది.
"నా కింది మంచం" అన్న.

చాలాసేపు తలెత్తలే.
తర్వాత కొత్త పట్టీల డబ్బా సీలు గోరుతోని చీరి,
పెన్ను మూత పంట్ల పట్టుకొని అడిగింది:
"ఆ రూంల మంచాలెన్ని?"