మారు అడగని మొక్క

ఈజీపురలో మా మెస్సుకి
రెండు నెలల బాకీ కింద
లాల్రిన్‌పుయి ఇచ్చిపోయింది ఈ మొక్కని.
డబ్బు ఎప్పుడైనా ఇద్దువులే అన్నా వినలేదు.
కుండీ లేదు, మట్టి లేదు.
ఒక కట్టె పేడు, దాని మీద కొబ్బరి పీచు,
పీచుకి దారంతో కట్టిన నాలుగు కాడలు.

ఇది తినేదెక్కడ అన్నాను.
గాల్లో అంది.
వాళ్ళ కొండల మీద మంచు తాగుతుందట,
పిట్ట రెట్టని కడిగి దిగే వాననీళ్ళు తాగుతుందట.
"లీటరుకి పావు చెంచా ఎరువు, వారానికోసారి.
చలికాలంలో అసలే వద్దు ఆంటీ."

ఇరవై రెండేళ్ళుగా
పూటకి నూట నలభై ఆకుల ముందు వంగినదాన్ని,
చాలంటే నాకు వినబడదు.
అడ్డం పెట్టిన చెయ్యి కిందనుంచి
పప్పు జార్చగలను.
పిడికెడన్నం తినే ఆ పిల్లకే
మూడో నెలకి గోంగూర మప్పాను.

పావు చెంచానట!
పంచదార కన్నా సన్నటి నీలం పలుకులు,
పొట్లం మీద
పందొమ్మిది, పందొమ్మిది, పందొమ్మిది,
మూడు కూరలూ సమంగా వడ్డించినట్టు.
చెంచా గోపురం కట్టి కలిపాను,
ట్యాంకరు నీళ్ళలో.
బియ్యం కడుగు వేరే.

నెల తిరక్కుండా
వేళ్ళ కొసలు మాడిన జీలకర్రయ్యాయి.
జాడీ అంచున పేరుకున్నట్టు
పీచంతా తెల్లటి ఉప్పు.
వాననీళ్ళు పట్టి కడిగాను, బకెట్టు మీద బకెట్టు.
ఫోన్లో నవ్వింది:
"నాకు పెట్టినట్టే పెట్టారా?"

ఆ చలికాలం మాత్రం ఆగలేకపోయాను.
ఆకులు పండి రాలుతుంటే
పొయ్యి ఎలా ఆర్పను?
రాత్రి మెస్సు కట్టేశాక, దొంగతనంగా, రెండు గుక్కలు.
ఫిబ్రవరిలో
పువ్వు రావలసిన ప్రతి కణుపులో
ఓ బుల్లి మొక్క, వేళ్ళతో సహా.
తిండెక్కువైతే పూయదు, పిల్లల్ని పెడుతుందంది.
నిజం చెప్పొద్దూ, నాకేం కోపం రాలేదు.

మరుసటేడు
దీపావళి దాటగానే పొట్లం అటకెక్కించాను.
కార్తీకం. మార్గశిరం. పుష్యం.
పెట్టకుండా ఉండటం ఎంత చాకిరో
నాకెవరూ చెప్పలేదు.
పొద్దున్నే దాని ముందు నిలబడి
ఖాళీ చేతులు కొంగుకి తుడుచుకుని
వెళ్ళిపోయేదాన్ని.
ఆకులన్నీ పోయి
నమిలి ఉమ్మిన చెరుకులా మిగిలాయి కాడలు.

మాఘంలో ఒక కణుపు
మినప గింజంత ఉబ్బింది.
పక్కనింకోటి.
తర్వాత లెక్కపెట్టలేదు.
వంగపూరంగు రేకులు, గొంతులో పసుపు.
ఫోటో పంపితే ఒక్క ముక్క రాసింది:
ఇప్పుడు తీరింది బాకీ.

నేతి గరిటె మాత్రం పాతదే, పెద్దదే.
కాకపోతే నిన్న మూడో బల్ల దగ్గర
ఎవరో కుర్రాడు ఆకుకి చెయ్యి అడ్డం పెడితే
ఒక్క క్షణం ఆగాను.

తర్వాత పోశాననుకోండి.