పక్క తిరగడం

ఏడేళ్లు ఫెర్రీ మీద మోకులు విసిరాను.
ఇరుకు సముద్రపు పాయలో
నూరు కార్ల ఓడ ఎలా మలుపు తిరుగుతుందో తెలుసు.
మంచంలో కుడి నుంచి ఎడమకి,
అదే తెలీదు.

మోకాళ్లు దగ్గరికి నొక్కి, ఊపిరి బిగబట్టి
కదిలితే
మొలకట్టు కింద ఎముకలు ఒరుసుకునే చప్పుడు
నాకొక్కదానికే.

మంత్రసాని గున్‌వోర్ చెప్పింది:
కారు సీటు మీద ప్లాస్టిక్ సంచి పరుచుకో,
రెండు కాళ్లూ కలిపి జారుతూ తిరుగు.
లాగు కూర్చునే తొడుక్కో.
మెట్లు పసిపిల్లలా ఎక్కు, మెట్టుకి రెండు పాదాలూ.
బెర్గెన్‌లో మా ఇంటికి నలభై ఒక్క మెట్లు.
పైన వాన.

పురుడయ్యాక పోతుందిలే అన్నారు.
పాప వచ్చింది. నొప్పి పోలేదు.
పాపకి తూవా అని పేరు పెట్టాం.
నొప్పికి ఎవరికి తోచిన పేరు వాళ్లు:
చలిగాలి, బద్ధకం, సాకు.

నిన్న ఊతకర్రలు గోడకి ఆనించి
ఉయ్యాల వైపు ఐదడుగులు వేశాను.
ఆరోది పడలేదు.
నేల మీదే కూలబడి
పాపని తెచ్చివ్వమన్నాను ఐవిన్‌ని.

ఇవాళ తెల్లారకముందే తూవా
తనంతట తాను బోర్లాపడింది.
తలెత్తి నన్ను చూసింది.

ఏదీ, మళ్లీ చూపించు, అన్నాను.