ఫైనల్ మూడు

చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురుగా
నాలుగు మెట్లెక్కితే నా డీటీపీ షాపు.
పట్టా పోయినోళ్ళు, పింఛను ఆగినోళ్ళు,
ఎవరి బాధైనా నా వేళ్ళ కిందికి వచ్చేసరికి
ఒకటే వాక్యం:
'తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా.'

ఆ సోమవారం
గుడిపాల జడ్పీటీసీ కుప్పమ్మ వచ్చింది.
గుడ్డసంచిలో తడి గొడుగు,
చెప్పుల అంచుల్లో ఎర్రమన్ను.
"జిల్లా పరిషత్తు అధ్యక్ష పదవికి
పార్టీ నా పేరు పెట్టాలని అర్జీ కొట్టబ్బా.
రేపు తిరపతి లాడ్జీలో పరిశీలకుడు దిగతాడంట."

అలవాటుగా అడిగినా: భర్త పేరు?
"రాయి. పోయి పద్దెనిమిదేండ్లు.
మాట్లాడాలంటే నాతోనే మాట్లాడాలని చెప్పు."
చదువు?
"పదో తరగతి. రెండుసార్లు.
రెండోసారి నా కూతురి పక్క బెంచీలో."

అనుభవం?

ఫ్యాను కిర్రుమంటా తిరగతాంది.
"అంగన్‌వాడీలో పదకొండేండ్లు గుడ్లు లెక్కపెట్టినా.
సర్పంచిగా ఉండంగా వెయ్యిన్నూరడుగుల బోర్లో
దుమ్ము లేస్తే, ఊరంతా నా మొఖం చూసింది.
ఏనుగులు చెరకు తొక్కిన రాత్రి
ఫారెస్టోళ్ళ కంటే ముందు పోయినా.
పరిహారం తెచ్చేకి మాత్రం నాలుగేండ్లు పట్టింది.
గుజ్జు ఫ్యాక్టరీ నీళ్ళు నీవానదిలో కలిసేచోట
సీసాకి పట్టి, మీటింగులో బల్లమీద పెట్టినా.
ఆ కంపుకి కిటికీలు తెరిపించినారు,
అజెండా తెరవలేదు."

సీసా సంగతి వద్దులేమ్మా అన్నా.
"ఉండనీ."

మేడమ్, ఈసారి జనరల్ కదా...
సగంలోనే నాలుక కరుచుకున్నా.
"జనరల్ అంటే మగోళ్ళని ఏ జీవోలో ఉండాది?
చూపించు, చదవతా.
పోయినసారి ఆడోళ్ళకే ఇచ్చినారు కదా,
కుర్చీలో ఆమె కూర్చునింది,
మైకు ఆయన పట్టుకున్నాడు."

పోనీ పోస్టరుకి నప్పేట్టు
కె. పద్మ అని పెడదామా?

అప్పుడు నవ్వింది, పొద్దుట్నించి మొదటిసారి.
"నాకు ముందు ముగ్గురు పుట్టి పోయినారు.
నన్ను పెంటకుప్ప మీద పడేసి
పక్కింటామె చేత ఎత్తించి
చేటెడు నూకలిచ్చి కొనుక్కునింది మాయమ్మ.
వద్దన్నట్టు పారేస్తేనే బతికిన పేరిది.
రేపు పార్టీ పారేస్తే మాత్రం, నాకేం కొత్తా?"

ఫారంలో తొమ్మిదో గడి:
'ఎన్నిక ఖర్చు ఎంత భరించగలరు?'
గీత కొట్టమనింది.
తెల్లకాగితం మీద ఒంటి దుక్కిచాలు మాదిరి
ఒకే గీత.

చివర్న ఎప్పుడూ కొట్టేదే కొట్టినా:
'అవకాశం కల్పించవలసిందిగా ప్రార్థించుచున్నాను.'
తీసుకుని పోయింది.

భోజనం క్యారియర్ విప్పతాంటే మళ్ళీ వచ్చింది.
"ప్రార్థన కొండమీద చేసుకుంటా. ఇది మార్చు."
'కోరుచున్నాను' అని మార్చినా.
బస్టాండు దాకా పోయి, తిరపతి బస్సు వదిలేసి
చెమటతో మళ్ళీ మెట్లెక్కింది.
"అబ్బా, ఏమనుకోవద్దు.
అడుగుతున్నాను అని పెట్టు.
అంతే. అడుగుతున్నాను."

మూడు ప్రింట్లు, ముప్పై రూపాయలు.
చిల్లర్లేదంటే నిలబడి,
పక్క టీ అంగట్లో మార్పించి
ఇచ్చే పోయింది.

ఎవరి పేరు పెట్టినారో మీరు పేపర్లో చూసే ఉంటారు.
నేను చెప్పను.

నా కంప్యూటర్లో ఆ ఫైళ్ళు అట్లే ఉండాయి:
కుప్పమ్మ ఫైనల్, ఫైనల్ రెండు, ఫైనల్ మూడు.
నిన్న యాదమరి నుంచి ఒక తాత వచ్చినాడు,
వేలిముద్ర పడలేదని ఏడు నెలల పింఛను ఆపినారంట.
దివ్యసముఖం దగ్గర మొదలుపెట్టి
కొట్టుకుంటా కొట్టుకుంటా చివరికొచ్చి చూస్తే
'అడుగుతున్నాను' అని పడుండాది.

తాతకి చదువు రాదు.
అరిగిపోయిన బొటనవేలు సిరాలో ముంచి
దానికింద ఒత్తినాడు.

నేను మార్చలేదు.