మెలిక

యాకుత్స్క్‌లో మా వీధి గ్యాస్ గొట్టాలు
నేలలోకి దిగవు.
పసుపు పూసుకున్న కొంగల్లా కాళ్లెత్తి నడుస్తాయి.
అడుగున గడ్డకట్టిన మట్టి. వేసవికి పైపొర మెత్తబడి
ఇంటిని ఒక మూల నుంచి మింగుతుంది,
తొందరేం లేకుండా.

"తిన్నగా వెయ్యక ఈ మెలికెందుకు?
మీటరు లెక్కన కదా నీకు డబ్బులు!"
గేటు దగ్గర అకులీనా అవ్వ.
ఆమె ఇల్లు అప్పటికే పడమటికి ఒరిగింది,
బల్ల మీద ఉల్లిగడ్డ నిలవదు.

వెల్డింగ్ ముసుగు పైకెత్తి
మోచెయ్యి మడిచి చూపించాను. లాగు, అన్నాను.
లాగింది. చెయ్యి సాగింది, భుజం కదల్లేదు.
ఈసారి బిగదీసి చాచాను.
ముసలిదాని బలం నాకేం తెలుసు,
తూలి గేటు పట్టుకున్నాను.

నవ్వుకుంటూ వెళ్లి టీ తెచ్చింది.

అప్పట్నుంచి ఏటా మే నెలలో
గోడకీ గొట్టానికీ మధ్య ఎడం
గరిటె కాడతో కొలిచి ఫోన్ చేస్తుంది:
"వేలెడు పెరిగింది, ఎర్చిమ్."

ఈ ఏడు రెండు వేళ్లు.
వెళ్లాను. మెలిక కాస్త విచ్చుకుంది.
అతుకులకు సబ్బునీళ్లు పూశాను,
ఒక్క బుడగ లేదు.

లోపల, ఒరిగిన పొయ్యి మీద
నీలిమంట
నిటారుగా.