నేలను తాకని ఇల్లు

మా ఇంటికి పునాది లేదు.
నాలుగు టైర్లు, ముందర ఒక ఇనప నొగ,
మురకంబట్టు షెడ్డులో మస్తాన్ బిగించిన రేకుల గది.
అరవై తేనెపెట్టెలు, నేను, లోగనాథం, ఒక స్టవ్వు.
మామిడి పూత ఎక్కడుంటే అక్కడే మా వీధి.

మొదట గది ముందర ఉండేది, పెట్టెలు వెనక.
ట్రాక్టరు కాస్త జోరందుకుంటే
బండి తోక ఆడించేది.
"బరువు నొగ వైపు ఉండాలక్కా" అని మస్తాన్ మార్చినాడు.
ఇప్పుడు ఈగలు ముందర, మేము వెనక.
పెద్దరికం వాటిదే.

బంగారుపాళెం తోటలో ఆ ఏడు
రైతు మోటారు కొట్టంలోంచి కరెంటు ఇచ్చినాడు,
లైటు ఒకటే కదా, కట్టుకోండి, అని.
తెల్లారుజాము. గడ్డినిండా మంచు.
ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి తలుపు మీద.
జివ్వుమని భుజందాకా పాకింది.
ఈగ కుట్టిందనుకున్నా.
అరచేతిలో ముల్లు కోసం వెతికినా.
ముల్లు లేదు.

మస్తాన్ నవ్వలేదు. టైరు పక్కన గొంతుక్కూచుని అన్నాడు:
"రబ్బరు మీద నిలబడిన ఇల్లు ఇది, దీనికి నేల తెలీదు.
లోపలెక్కడో వైరు తోలు ఊడి రేకును తాకింది.
కరెంటు నేల కోసం కాచుకోనుండాది.
నువ్వు దిగినావు, నీలోంచి అదీ దిగింది."

తోలు ఊడిన చోటు వెతికి పట్టుకున్నాడు,
స్టవ్వు వెనక, మేకు కింద.
ట్రిప్పరు ఒకటి పెట్టినాడు,
చీమ తిన్నంత కరెంటు దారి తప్పినా
టక్కుమని తలుపేసుకునేది.
అయినా ఏ తోటలో ఆగినా, పొయ్యి ముట్టించక ముందే
రాగి కడ్డీ దిగ్గొట్టి చెంబెడు నీళ్ళు పోస్తాను.
ఇంటికి నేలను పరిచయం చెయ్యాల కదా.

మంచం కింద బ్యాటరీ. దానికి జానెడు దూరంలో ఫ్యూజు.
మాటిమాటికీ పోతా ఉండాదని
లోగనాథం ఒకసారి లావు రాగితీగ చుట్టినాడు.
పిరికిదాన్ని తీసి మొండిదాన్ని పెట్టినాడు.
మొండిది కాలలేదు. పక్కనుండేవి కాలినాయి.
దిండు మూల నల్లబడింది.
ఆ దిండు నేను పారెయ్యలేదు.
ఇప్పటికీ ఆయన తలకిందే పెడతాను.

చెయిన్ల దగ్గర కూడా గొడవే.
"పిన్ను ఉండాది కదా, మళ్ళా రెండు చెయిన్లా? దండగ."
మస్తాన్ పానా కింద పెట్టి అడిగినాడు:
"పిన్ను దినామూ పన్జేస్తాది.
చెయిను ఒక్క దినమే పన్జేస్తాది.
ఆ దినం ఏదో చెప్పన్నా,
మిగతా దినాలకి ఇప్పేస్తాను."

అది మాఘంలో, మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు వచ్చింది.
కొసన ఉండాల్సిన చిన్న క్లిప్పు, రూపాయి సరుకు,
ఎక్కడ రాలిపోయిందో.
గతుకు గతుక్కీ పిన్ను పైకి లేచి ఊడింది.
ఠంగుమని ఒక చప్పుడు.
పళ్ళెం, తేనె క్యాను, నేను, అన్నీ ఒకేసారి వెనక్కి.
అడ్డంగా అల్లిన చెయిన్ల నడిమధ్య
నొగ ఉయ్యాల్లో బిడ్డ మాదిరి పడి ఊగతా ఉంది.
లోయలో ఎవరివో దీపాలు.
లోగనాథం చక్రాల వెనక రాళ్ళు పెట్టి
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
పెట్టెల్లో అరవై గుంపులు మాత్రం
ఒక్క గొంతుతో తిట్టినాయి.

రాత్రి మేము ఎర్రబల్బే వేసుకుంటాము.
తెల్లదైతే ఈగలు పొద్దు పొడిచిందనుకోని వచ్చేస్తాయి.
ఆ ఎర్రటి వెలుతుర్లో ఆయన మొహం
ఎప్పుడూ ఏదో తప్పు చేసినట్టే కనిపిస్తాది.

పూత అయిపోయింది. ఈ రాత్రికి బయల్దేరాల.
కడ్డీ పీకి మట్టి దులిపినా.
పిన్ను, క్లిప్పు, చెయిన్లు, చేత్తో పట్టి చూసినా.
బండి వెనక నిలబడి అరుస్తాను:
"బ్రేకు తొక్కు!"
కుడి దీపం వెలిగింది.
"ఇంకోసారి తొక్కు!"
కుడిదే.

ఇంజను ఆపి దిగి రా.
పూలు ఎక్కడికీ పోవు.