సెలవు రోజు తోటమాలి

మా ఆయనకు నెలకు రెండే సెలవులు.
ఒకటి నిద్రలో పోతుంది,
రెండోది ఈసారి నేను లాక్కున్నా.

స్టీలు క్యారియర్లో నిమ్మకాయ చిత్రాన్నం,
బండి ట్యాంకు మీద చిన్నది,
చెంగల్రాయుడి వీపుకు ఆనుకొని నేను,
పొద్దున్నే చంద్రగిరి కోటకు.

రాణీమహల్ ముందర పచ్చిక.
అందరూ ఫోటోలు దిగతా ఉంటే
ఈయన చెప్పులు విడిచి గొంతుక్కూచుని
పుల్లతో తుంగ తవ్వడం మొదలుపెట్టినాడు.
"ఇది నీ తోట కాదు మానుబావా" అంటే
"తుంగకు ఆ సంగతి తెల్దు గదా" అన్నాడు.

ఆ పక్క రాజమహల్ కాడ ఎవరో చెప్తా ఉన్నారు,
మద్రాసు నేలను దొరలకు రాసిచ్చింది ఈన్నేనంట.
అంత పట్నమే ఒక్క కాయితంతో పోయిందే,
మా సెంటున్నర పట్టా
మండలాఫీసు మెట్లు దిగి రాదే!
నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వినా.

మధ్యాన్నం జూ.
పులి చెట్టు నీడన వెల్లకిలా పండుకోనుంది.
"నాయనా, పులికీ ఈపొద్దు సెలవా?"
ఆయన పులిని చూళ్ళేదు.
చెట్టు మొదల్లో చెదలు చూసినాడు,
పైపు కీలు కాడ కారే నీళ్ళు చూసినాడు,
యూనిఫాం వేసుకున్న పిల్లోడిని పిలిచి
ఏదో చెప్పి వచ్చినాడు.
చిన్నది ఐసు కారుతున్న చేత్తో
నా చీరంతా పట్టుకునింది.

గేటు బయట కనకాంబరాలు అమ్ముతా ఉంటే
నిలబడినా. అడగలేదు.
పదహారేండ్లుగా కొండ మీద
ఈయన చేతి కింద విరబూసిన చామంతీ, మరువం,
బుట్టలు బుట్టలుగా, అంతా స్వామికే.
ఆడ రాలిన రేకైనా తల్లో పెట్టుకోకూడదు.
తప్పని నేననను. స్వామిది స్వామికే.
ఈయన మూర ఎత్తి చూసి
"నిన్నటి పూలు, నీళ్ళు చల్లినారు" అని
మళ్ళీ బుట్టలో పెట్టేసినాడు.
దారంతా నేను మాట్లాళ్ళేదు.

తెల్లారి చొక్కా ఉతకబోతే
జేబులో గట్టిగా ఏందో తగిలింది.
తుంగగడ్డలు, గుప్పెడు,
కోట మన్నుతో సహా.
గోటితో గీరినా.
మా యవ్వ తలంటు రోజుల వాసన,
తడి మన్నూ, కొంచెం కర్పూరమూ.

ఆయన అప్పటికే కొండ బస్సెక్కేసినాడు.
మరిచిపోయి వేసుకున్నాడో, తెచ్చినాడో
అడగను.
కడిగి, దంచి,
తలనూనె సీసాలో వేసినా.
ఏ దేవుడి మాలలోకీ ఎక్కని కలుపు,
ఇది నాదంటే ఎవరు కాదంటారు?